పెత్తరమాస నుంచి దీపావళి దాకా

2025లో పెత్తరమాస, అంటే మహాలయ అమావాస్య, నుంచి దీపావళి దాకా వచ్చే శని, ఆదివారాలను ఇంట్లో గడపకూడదని మేమిద్దరం వానాకాలంలోనే అనుకున్నాము. మా వారు ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు, నేను ఒక ప్రచురణాలయంలో ప్రూఫులు దిద్దుతాను. ఇద్దరికీ కలిసి దొరికేవి ఆ రెండు రోజులే. ఎక్కడికి వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు, పండుగలకు మనం కట్టుకునే బట్టలూ మన జనం వేసే వేషాలూ ఏ ఊళ్లలో పుడుతున్నాయో ఆ ఊళ్లకే వెళదామని నేను అన్నాను. పెళ్లయిన పన్నెండేళ్లలో చీరల దుకాణాలకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు కానీ మగ్గం ముందు కూర్చున్నది ఒక్కసారి కూడా లేదు. ఆ లోటు నా మనసులో చాలాకాలంగా ఉంది.

సెప్టెంబరు 20, శనివారం

ఉదయం ఆరింటికే హైదరాబాదులోని నాచారం నుంచి బయలుదేరాలనుకున్నాము. కిందికి దిగి చూస్తే మా కారుకు అడ్డంగా ఇంకొకరి బండి నిలిపి ఉంది. వాచ్‌మన్ నాలుగో అంతస్తుకు వెళ్లి తలుపు కొట్టి, తాళంచెవి తెచ్చి, ఆ బండిని పక్కకు తీసేసరికి ముప్పావుగంట గడిచింది. అంతకు ముందు రాత్రే మా వీధి టైలరు, బతుకమ్మకు కట్టుకోవాలనుకున్న చీర తాలూకు జాకెట్టు ఇంకా కుట్టలేదని, సోమవారం రమ్మని చెప్పి పంపాడు. పదిహేను రోజుల ముందు ఇచ్చిన బట్ట అది. ఆ రెండు చికాకుల్నీ వెంటబెట్టుకునే ఉప్పల్ దాటాను.

భూదాన్ పోచంపల్లి నగరానికి గంటన్నర దూరం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు, భూమి లేని దళిత కుటుంబాల కోసం వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. ఊరి పేరులోని భూదానం అదే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని ఎంపిక చేసింది. వినోబా మందిరాన్ని చూసి, తెలిసినవారి ద్వారా ముందే మాట పంపిన ఒక నేత కుటుంబం ఇంటికి వెళ్లాము.

గడప లోపల మొదట కనిపించింది మగ్గం కాదు. ఆ ఇంటి పెద్దావిడ ఒక చెక్క చట్రం ముందు నిలబడి ఆసు పోస్తున్నది. ఒక వైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. నూలుపోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఒక్కొక్క మేకుకూ వేసుకుంటూ పోవాలి. ఒక్క చీరకు ఆ చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా వెళ్లి రావాలి. తల్లి లక్ష్మి భుజాలు ఆ పనిలో అరిగిపోవడం చూడలేకనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో కూడా లక్ష్మీ ఆసు యంత్రం ఉంది. కరెంటు పోయినందువల్ల ఆ పొద్దున ఆవిడ చేత్తో పోస్తున్నది. నన్నూ పోయమని పోగు చేతికిచ్చింది. ఇరవై సార్లు తిప్పేసరికి నా కుడి భుజం బరువెక్కింది. ఆవిడ నవ్వలేదు, పోగు తిరిగి తీసుకొని నేను వదులుగా వేసిన వరుసలను ఓపికగా సరిచేసుకున్నది.

ఆసు పోసిన నూలును చట్రానికి బిగించి, దాని మీద గళ్లు గీసి, ఏ చోట రంగు అంటకూడదో ఆ చోట సైకిల్ ట్యూబు నుంచి కత్తిరించిన సన్నని రబ్బరు పీలికలు గట్టిగా చుట్టి కడతారు. చిటికి కట్టడం అంటారు దీన్ని. కట్టిన నూలును రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులో అన్ని సార్లు. బట్ట ఇంకా పుట్టకముందే దాని మీది ఏనుగూ చిలుకా పోగుల్లో ఉంటాయన్నమాట. మగ్గం మీద ఆ ఇంటి పెద్దయ్య పేక పోగును, అంటే అడ్డపోగును, మోసుకుపోయే నాడెను విసిరిన ప్రతిసారీ ఆగి, ఆ పోగును చూపుడువేలి కొనతో వెంట్రుకవాసి ఇటో అటో జరిపి, రంగు మీద రంగు కూర్చున్నాకనే పోగును దగ్గరకు నొక్కే అచ్చు కొట్టడం నేను చాలాసేపు చూశాను. ఆయన వేలిగోరు అంచున నీలిరంగు చారలా నిలిచిపోయి ఉంది.

“ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, పెద్దయ్యా?” అని అడిగాను.

“మగ్గం మీద నేసుడు ఎన్ని రోజులని అందరు అడుగుతరు బిడ్డా. దానికి ముందటి పని ఎవ్వలు అడగరు,” అన్నాడాయన, చెయ్యి ఆపకుండానే.

ఆ ముందటి పని ఇంట్లో ఆడవాళ్లది, పిల్లలది, ముసలివాళ్లది. దాన్ని కూలిలో లెక్కగట్టేవారు తక్కువ. ఇదే నమూనాను మిల్లు బట్ట మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మే చీరలు నగరంలో ఏ బజారుకు వెళ్లినా కుప్పలుగా ఉంటాయి. కొనేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. బట్టను తిరగేసి చూడాలి. అచ్చువేసినదానికి వెనక వైపు రంగు వెలవెలబోయి ఉంటుంది, గీతల అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. చిటికి కట్టి నేసినదానికి రెండు వైపులా రంగు ఒకటే, అంచులు కాస్త చెదిరి ఉంటాయి. ఆ చెదురు చేతిపని ఆనవాలు. ఆ చెదురును తప్పుగా ఎంచి ధర తగ్గించమని అడిగేవాళ్లను నేను దుకాణాల్లో చూశాను, నాకు ఎంతో బాధ కలిగింది.

ఒక ముదురు ఎరుపు నూలు చీర కొని, భువనగిరి మీదుగా వరంగల్ దారి పట్టాము. రాత్రికి హనుమకొండలో మా అత్తగారింటికి చేరాము.

సెప్టెంబరు 21, ఆదివారం

పెత్తరమాస. బతుకమ్మ పండుగలో మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ. తెల్లవారకముందే అత్తమ్మ హాలు నిండా పూలు పరిచి కూర్చున్నది. తంగేడు, బంతి, సీతజడ, ఒక గంపెడు గునుగు. గునుగుపూలను పిడికెడేసి దారంతో కట్టి, కొనలను గులాబీ రంగులోనో పచ్చరంగులోనో ముంచి ఆరబెట్టడం మా అత్తగారింట్లో ఏటా చూస్తున్న పనే. కానీ నిన్న పోచంపల్లిలో రంగు నీళ్లలోకి దిగిన నూలు చిలుపలను చూసి వచ్చిన కళ్లకు ఆ తెల్లని గునుగు మొదళ్లూ, రంగెక్కిన కొనలూ ఈసారి మరో రకంగా కనిపించాయి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు మొదలుకొని వరుసమీద వరుసగా పేర్చి, కొసన పసుపు గౌరమ్మను నిలిపేసరికి తొమ్మిదయింది.

కొత్త చీరకు సరిపడే జాకెట్టు నా దగ్గర లేదు. అత్తమ్మ తన పెట్టె తీసి, తాను ముప్పై ఏళ్ల కిందట కుట్టించుకున్న నల్ల జాకెట్టు ఒకటి ఇచ్చింది. భుజాల దగ్గర కాస్త వదులైతే లోపలి వైపు రెండు కుట్లు వేసింది.

“మీ టైలరు కుట్టినా ఇంత కంటె మంచిగ కుదరదు తియ్యి,” అన్నది.

మా వారు తండ్రిగారి పంచె కట్టుకున్నారు. అలవాటు లేనందువల్ల మెట్లు దిగేటప్పుడు రెండు సార్లు ఆగి కుచ్చెళ్లు సర్దుకున్నారు. మామయ్యగారు వెనక నుంచి వచ్చి, మాట్లాడకుండా, గోచీ విప్పి మళ్లీ బిగించి కట్టారు.

సాయంత్రం వేయిస్తంభాల గుడికి వెళ్లాము. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం అది. శివుడు, విష్ణువు, సూర్యుడు మువ్వురికీ అక్కడ చోటుంది. ఆవరణలో అడుగు పెట్టే సందు లేదు. ఒక్కొక్క వలయంలో యాభై, అరవై మంది ఆడవాళ్లు ఉయ్యాల పాటకు చప్పట్లు కలుపుతూ, ఒకే వేగంతో వంగి లేస్తూ తిరుగుతున్నారు. దూరం నుంచి చూస్తే పట్టుచీరల అంచులన్నీ కలిసి నేల మీద ఒకే గీతగా కదిలాయి. నేనూ గంటసేపు ఆడాను. తిరిగి వచ్చేసరికి బయట విడిచిన చెప్పులు లేవు. చౌరస్తాలో కొత్త జత కొనుక్కొని, రాత్రి పదకొండింటికి హైదరాబాదు చేరాము. ప్రసాదంగా పెట్టిన నువ్వుల పిండి ఇంకా నా కొంగు ముడిలో ఉంది.

సెప్టెంబరు 27, శనివారం

ఈ శనివారం గద్వాలకు వెళ్లాలి. వెళ్లలేకపోయాము. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి, రాత్రికి రాత్రే మహాత్మాగాంధీ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి. ఊళ్లకు పోయే బస్సులను వేరే చోట్ల నుంచి నడిపారు. మా ఇల్లు పై అంతస్తు. పడకగది పైకప్పు మూలన ఎప్పటి నుంచో ఉన్న తడి మచ్చ ఆ రాత్రి బొట్టుబొట్టుగా కారడం మొదలుపెట్టి, సరిగ్గా దాని కింద ఉన్న బీరువా మీది పెట్టెలోకి దిగింది. ఆ పెట్టెలో మా అమ్మ గద్వాల చీర ఉంది.

అమ్మ పోయాక నాకు మిగిలిన మూడు చీరల్లో అది ఒకటి. గంధం రంగు నూలు ఒడలు, కుంకుమ రంగు పట్టు అంచు. అమ్మది పాలమూరు, పెళ్లికి వాళ్ల నాన్న గద్వాలకు వెళ్లి తెచ్చిన చీర. తడిసిన అంచు మడతలో ఒదిగి, దాని ఎరుపు ఒడలులోకి అరచేయంత మేర పాకింది.

సెప్టెంబరు 28, ఆదివారం

మేస్త్రీ వస్తానని రాలేదు. పైకప్పు మరమ్మతు ఖర్చు మాదా, అపార్ట్‌మెంటు సంఘానిదా అన్న వాదన సాయంత్రం దాకా సాగింది. చీరను నీడలో, ఫ్యాను కింద పరిచి ఉంచాను. మా వారు ఆ వాదన నుంచి లేచి వచ్చి, చీర పక్కన నేల మీద కూర్చొని, “వచ్చే వారం దీన్ని వెంట తీసుకొనిపోదాం, నేసిన ఊరికే చూపిద్దాం” అన్నారు. ఆ రెండు రోజుల్లో నాకు ఊరట కలిగించిన మాట అదొక్కటే.

అక్టోబరు 4, శనివారం

దసరా వెళ్లిన రెండో నాడు కావడంతో 44వ నంబరు జాతీయ రహదారి మీద రద్దీ అంతా నగరం వైపే ఉంది, మేము పోయే వైపు ఖాళీ. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతున్నది. ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి, పదకొండింటికి గద్వాల చేరాము.

గద్వాల చీర గొప్పతనమంతా అంచుకూ ఒడలుకూ ఉన్న సంబంధంలోనే ఉంది. ఒడలు నూలు, అంచు, పైట పట్టు. నూలు బరువు వేరు, పట్టు బిగువు వేరు. రెంటినీ విడిగా నేసి కుట్టడం కాదు. ఒడలు పేకకు ఒక నాడె, రెండు అంచులకూ రెండు నాడెలు నడుపుతూ, అవి కలిసే చోట ప్రతి వరుసలోనూ ఒక పోగును ఇంకొక పోగులో మెలివేసి లంకె పెడతారు. కుప్పడం అనే ఈ నేతకు మగ్గం మీద ఒక మనిషి సరిపోడు, ఇంకొకరు పక్కన ఉండి అందించాలి. మేము చూసిన మగ్గం మీద భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఆమె నాడె అందుకోవడానికి చెయ్యి చాపే క్షణానికి అతని చేతిలోంచి అది బయలుదేరి ఉండేది.

అమ్మ చీరను వాళ్ల ముందు విప్పాను. అతను లేచి, చేతులు తుడుచుకొని, అంచు కలిసిన చోటును వెలుగుకు పట్టి చూశాడు. అంచు మీద గుడి గోపురాల్లా నేసిన కొట్టకొమ్ముల వరుసను బొటనవేలితో తడిమాడు.

“పాత పని అమ్మా ఇది. లంకె ఒక్కటి కూడా సడలలేదు,” అన్నాడు.

“మరక పోతుందా, తమ్ముడూ?”

“పోదమ్మా. పోగొట్టాలని మందులు పెడితే నూలే పోతది. చల్లనీళ్లు తప్ప వేరేది తాకనీయకండి. పిండకండి. నీడకు ఆరేయండి. కట్టుకోండి.”

చివరి మాట అతని భార్య మళ్లీ అన్నది. పెట్టెలో పెట్టి దాచిన చీర మడతల దగ్గర చిరుగుతుందని, కట్టిన చీరే నిలుస్తుందని చెప్పి, మడతలు మార్చి పెట్టి ఇచ్చింది. అక్కడ ఏమీ కొనలేదు. కొనకుండా లేవడానికి మాకు మొహమాటమైతే, మజ్జిగ ఇచ్చి పంపారు. సాయంత్రం కోటలోని చెన్నకేశవస్వామిని చూసి, ఆ రాత్రి ఊళ్లోనే ఉన్నాము.

అక్టోబరు 5, ఆదివారం

అలంపురంలో జోగులాంబను, తుంగభద్ర ఒడ్డున చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలను చూసి తిరిగి వచ్చాము. గోడల మీది శిల్పాల్లో స్త్రీల నడుము చుట్టూ చుట్టిన బట్ట మడతలను నేను పట్టి పట్టి చూశాను. తిరుగు దారిలో షాద్‌నగర్ నుంచి నగరం దాకా రెండున్నర గంటలు వాహనాల వరుసలోనే గడిచింది.

అక్టోబరు 11, 12

మా వారికి జ్వరం. ఎక్కడికీ వెళ్లలేదు. టైలరు దుకాణం మూసి ఉంది. ఊరికి వెళ్లాడని పక్క దుకాణంవారు చెప్పారు.

అక్టోబరు 18, శనివారం

బీసీ సంఘాలు పిలుపునిచ్చిన బంద్ వల్ల ఆ రోజు బస్సులు తిరగవని తెలిసి, తెల్లవారుజామున మూడున్నరకే బయలుదేరాము. దారిలో హోటళ్లు మూసి ఉంటాయని పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాము. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేసరికి పూర్తిగా వెలుగు వచ్చింది. గుడిహత్నూరు దగ్గర తిరిగి ఉట్నూరు, అక్కడి నుంచి జైనూరు వైపు; రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి.

మధ్యాహ్నం మార్లవాయిలో ఆగాము. కుమురం భీం తిరుగుబాటు తరువాత గోండుల స్థితిగతులను తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ 1940లలో కాపురమున్న ఊరు ఇది. ఆమె 1987లో హైదరాబాదులో మరణిస్తే ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు. ఆయన సమాధి కూడా ఆమె పక్కనే ఉంది. గోండుల గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకొని, 2024 అక్టోబరులో కన్నుమూసిన కనకరాజుది కూడా ఈ ఊరే. ఆ రెండు సమాధుల దగ్గర మేము కొంతసేపు ఊరికే నిలబడ్డాము.

అక్టోబరు 19, ఆదివారం

జైనూరుకు దగ్గరలోని ఒక గూడేనికి, అక్కడ పనిచేసే ఉపాధ్యాయుడు ఒకరు తీసుకువెళ్లారు. దీపావళికి గోండులు ఒక గూడెం నుంచి ఇంకొక గూడేనికి ఆడుతూ పోయే పండుగ దండారీ. పక్క గూడెం నుంచి ఆ దండారీ బృందం వస్తున్నదని ఊరు ఊరంతా పొలిమేరలో ఎదురుచూస్తున్నది. డప్పు, తుడుం, పెప్రే మోతలు ముందు వినిపించాయి, మనుషులు తరువాత కనిపించారు.

ముందు నడిచినవారు గుస్సాడీలు. నెమలి ఈకలను గుత్తంగా కట్టి గుమ్మటంలా నిలిపిన టోపీ, దానికి రెండు పక్కలా కొమ్ములు, నుదుటి మీదికి అద్దాలూ పూసలూ. ఒంటినిండా బూడిద. ఎడమ భుజాన తోలు, కుడిచేతిలో సోటా కర్ర, నడుముకూ కాళ్లకూ గజ్జెలు. వాళ్లు ఎగిరి నేల తాకిన ప్రతిసారీ ఈకలన్నీ ఒక్కసారిగా వెనక్కు వాలి మళ్లీ నిలబడేవి. వారి వెనక ఆడవేషం వేసిన యువకులు, వాద్యగాళ్లు, ముసలివాళ్లు. అతిథులుగా వచ్చినవారి కాళ్లకు నీళ్లిచ్చి, బొట్టు పెట్టి, ఊరి నడిమికి తీసుకుపోయి వాద్యాలను ఒక చోట ఉంచి పూజ చేశారు. సంబంధాలు కలుపుకునే మాటలు కూడా ఈ దండారీ రాకపోకల్లోనే మొదలవుతాయని ఉపాధ్యాయుడు చెప్పారు.

విరామంలో ఒక గుస్సాడీ వేపచెట్టు కింద కూర్చుంటే నేను కొంచెం దగ్గరకు వెళ్లి టోపీని చూశాను. ఈకల మొదళ్లను దారంతో చుట్టిన తీరు నాకు వెంటనే పోచంపల్లి చిటికి ముడులను గుర్తుకు తెచ్చింది. కొన్ని ఈకలు పాతబడి రంగు తగ్గాయి, వాటి మధ్య ఈ ఏటివి కొత్తగా మెరుస్తున్నాయి. తండ్రి కట్టిన టోపీకి ప్రతి సంవత్సరం కొన్ని చేర్చుకుంటూ వస్తున్నాడట. మా వారు ఫోను తీయబోతే పక్కనున్న పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టి, పూజ అయ్యేదాకా వద్దని చెప్పాడు. మా వారు వెంటనే ఫోను జేబులో పెట్టి క్షమించమన్నారు.

“ఈ వేషం ఎన్ని రోజులు ఉంచుతారు, మామా?” అని నేను ఆ పెద్దమనిషిని అడిగాను.

“వేషం అనకు బిడ్డా. ఇది కట్టినన్ని దినాలు స్నానం లేదు, బూడిద కడిగేది లేదు. మీదికి దేవుడు వచ్చి ఉన్నడు. పండుగ ఒడిసినంక కోలాబోడి చేసి దించుతం.”

ఇంటి నుంచి బయలుదేరిన నాటి నుంచి నేను ఆ మాటనే వాడుతూ వచ్చాను. కారులో తిరిగి వస్తూ, నా చిన్న పుస్తకంలో అంతవరకు రాసుకున్న పేజీలు తిరగేసి, గుస్సాడీ గురించి రాసిన చోటల్లా ఆ మాట కొట్టివేశాను.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. ఉదయం పదింటికి టైలరే స్వయంగా జాకెట్టు పట్టుకొని ఇంటికి వచ్చాడు. తల్లికి బాగాలేక ఊరికి వెళ్లానని, మిషను మీద పని అలాగే వదిలి పోవలసి వచ్చిందని చెప్పాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. జాకెట్టు సరిగ్గా కుదిరింది. కానీ సాయంత్రం నేను దానికి తగిన చీరా కట్టుకోలేదు, పోచంపల్లి చీరా కట్టుకోలేదు.

అమ్మ గద్వాల చీర తీసి, అత్తమ్మ ఇచ్చిన నల్ల జాకెట్టు మీదికి కట్టుకున్నాను. ఎరుపు పాకిన చోటు మొదట తొడ మీదికి వచ్చింది. విప్పి, చుట్టు ఒక జానెడు వెనక్కు జరిపి, మళ్లీ కుచ్చెళ్లు పోశాను. మా వారు నేల మీద మోకాళ్లు ఆన్చి కూర్చొని కింది అంచులు సమంగా పట్టుకున్నారు. అయిదో కుచ్చె వేసేటప్పుడు మరక లోపలి మడతలోకి వెళ్లింది. ఆయన ఇంకా వదలలేదు. అంచులో కొట్టకొమ్ములన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా, ఒక్కొక్క మడతనూ వేలి కొనతో కొంచెం ఇటు, కొంచెం అటు జరుపుతూ కూర్చున్నారు. అప్పటికే పక్కింటివారి వాకిట్లో దీపాలు వెలిగాయి.